మన్నున కలియు బెండు

జీలుగుబెండు మన పూర్వులకు చిరపరిచితమైన వస్తువు. చెరువుల అంచులను, బురదనేలలను పెరుగు ఆ మొక్క కాడను కోసి, యెండబెట్టి, పైతొక్క నొలిచినచో లోపల తెల్లని మెత్తని పదార్థము బయటపడును. పెండ్లినాటి అలంకారములకు, పిల్లల బొమ్మలకు, చేపల వలలు నీట తేలుటకును మనవారు దానిని వాడిరి. అరచేత నుంచుకొన్నచో ఉన్నదో లేదో తెలియనంత తేలిక. గుండ్లు తేలి బెండ్లు మునిగినవను సామెతలో జరుగరాని దానికి గుర్తుగా నిలిచినది ఈ బెండే. దాని రహస్యము పెద్దది కాదు. అందులో పదార్థము కంటె గాలి యెక్కువ.

ఈ ప్రసంగమున మేము ముచ్చటింపదలచినది మనుష్యుడు తన చేతులతో చేసిన బెండును గురించి. దానిని మొదట చమురు నుండి చేసిరి; అది నశింపకపోవుటచే చిక్కులు వచ్చినవి; పిమ్మట పులిసిన పాలలోని ఆమ్లము నుండియు, గింజల పిండి నుండియు అట్టి దానినే చేయబూనిరి. చేయుట తేలిక కాలేదు. ఏల కాలేదో తెలియవలెనన్న బుడగ యొక్క స్వభావమును కొంచెము తెలిసికొనవలెను.

1665వ సంవత్సరమున లండనులో రాబర్టు హుక్కు ‘మైక్రోగ్రాఫియా’ అను గ్రంథమును ప్రకటించెను. సీసాలకు బిరడాలుగా వాడు కార్కుబెరడును ఆయన పదునైన కత్తితో పలుచని పొరగా చెక్కి, సూక్ష్మదర్శిని క్రింద పరీక్షించెను. తేనెపట్టులోని గదులవంటి సన్నని గదులు కనబడెను. వానిని వరుసగా లెక్కించి, ఒక అంగుళము పొడవున వేయికి పైగా నున్నవని తేల్చి, ఆ లెక్కననుసరించి ఒక ఘనపుటంగుళములో 125 కోట్ల 97 లక్షల 12 వేల గదులుండునని గుణించెను. జీవశాస్త్రమున ‘కణము’ అను భావమునకు అదియే నాంది యని పాఠ్యపుస్తకములు చెప్పును. హుక్కు గమనించిన వేరొక సంగతిని అవి అంతగా చెప్పవు. కార్కు ఏల తేలిక, ఏల నీటిని పీల్చదు, నొక్కిన ఏల మరల లేచును అను మూడు ప్రశ్నలకును ఆయన ఆ గదులలోని గాలినే సమాధానముగా చూపెను. నేటి నురుగు ప్లాస్టిక్కుల శాస్త్రమంతయు ఆ మూడు ప్రశ్నల విస్తరణమే యని మా అభిప్రాయము.

తేలికయైన వస్తువు బలహీనమై యుండవలెను గదా యని సందేహము కలుగవచ్చును. కొంతవరకు నిజమే. ఒక పదార్థమును నురుగుగా పొంగించి దాని సాంద్రతను సగము చేసినచో, దాని బిగువు సగము కాదు, నాలుగవ వంతునకు దిగును. లోర్నా గిబ్సను, మైకేలు ఆష్బీ అను శాస్త్రజ్ఞులు 1988లో ప్రకటించిన గ్రంథమున ఈ వర్గనియమమును విపులముగా చర్చించిరి. అయితే ఇందులో ఒక చమత్కారము కలదు. అదే బరువు గల పలకను నురుగుతో చేసినచో అది రెట్టింపు మందము కలదగును. పలక వంగకుండు శక్తి మందము యొక్క ఘనము ననుసరించి పెరుగును గనుక, రెట్టింపు మందమునకు ఎనిమిది రెట్లు లాభము. నాలుగవ వంతు నష్టమును, ఎనిమిది రెట్ల లాభమును కలిపి చూచినచో మిగులునది రెండు రెట్లు. అనగా సమానమైన బరువునకు నురుగు పలకయే గట్టిగా నిలుచును. వెదురు బోలుగా నుండియు పందిరి మోయుట మనమెరుగనిది కాదు.

ఇక మనుష్యకృతమైన బెండునకు వత్తము. 1839లో బెర్లినులోని ఎడ్వర్డు సైమను అను ఔషధవ్యాపారి ఒక చెట్టుబంక నుండి తైలమును దించి, అది కొంతకాలమునకు గడ్డకట్టుట చూచెను. నేడు పాలీస్టైరీను అనునది ఆ గడ్డయే. దాదాపు నూరేండ్లు దానితో ఎవరికిని పెద్దగా పని కలుగలేదు. 1930 ప్రాంతమున స్వీడను దేశస్థుడు కార్లు మున్టర్సు దానిని వాయువుతో పొంగించు పద్ధతిని కనుగొనెను. 1940వ దశకమున అమెరికాలోని డౌ సంస్థలో రే మెకింటైరు అదే మార్గమున నడచెను. నీట తేలు సాధనములకు ఆ పదార్థము యుద్ధకాలమున ఉపయోగపడెను. జర్మనీలోని బి.ఎ.ఎస్.ఎఫ్. సంస్థలో ఫ్రిట్సు స్టాస్ట్నీ 1949లో పెంటేను అను ద్రవమును ఇమిడ్చిన పాలీస్టైరీనును వేడి పెట్టెలో నుంచి మరచిపోయెననియు, తిరిగివచ్చి చూచునప్పటికి అది డబ్బా మూతను టోపీవలె నెత్తిన పెట్టుకొని పైకి పొంగియుండెననియు చెప్పుదురు. కథ యెట్లున్నను, ఆ పొంగు గుళికలే ఇప్పుడు లోకమంతట నిండిన తెల్లని బెండునకు మూలము. మనదేశమున దానిని థర్మోకోలు అని పిలుచుట వాడుక.

ఆ బెండులో నూటికి 98 పాళ్లు గాలియే. ఘనమీటరు బెండు 15 మొదలు 30 కిలోల వరకు తూగును. అంతే నీరు వేయి కిలోలు. వేడిని దాటనీయదు, తడిని పీల్చదు, దెబ్బను తాను తిని లోపలి వస్తువును కాపాడును. రేడియో పెట్టె అంగడి నుండి ఇంటికి చేరుటకు గడ్డి నింపిన కొయ్యపెట్టె కావలసిన దినములను మా పాఠకులలో వృద్ధులు మరచియుండరు. ఆ గడ్డి స్థానమును ఈ తెల్లని తునకలు ఆక్రమించినవి. గడ్డిని పశువులకు వేసెడివారు. ఈ తునకలను ఏమి చేయుదురు?

చిక్కంతయు అక్కడ నున్నది. పాలీస్టైరీను అణువుల గొలుసును తెంచి తినగల సూక్ష్మజీవులు ప్రకృతిలో నామమాత్రముగా నున్నవి. అది చిన్న పూసలుగా విడిపోవును గాని మన్నున కలియదు. తేలికదనమను గుణమే అప్పుడు దోషమగును. గాలికి ఎగిరి కాలువలను చేరును, కాలువల నుండి సముద్రమును చేరును. బరువు తక్కువ, పరిమాణమెక్కువ యగుటచే ఏరి కొనువారికి గిట్టుబాటు కాదు. దీనికి తోడు, కొన్ని నురుగులను పొంగించుటకు వాడిన క్లోరోఫ్లోరోకార్బను వాయువులు ఓజోను పొరను క్షీణింపజేయునని 1974లో మొలీనా, రోలండు అను శాస్త్రజ్ఞులు హెచ్చరించిరి. 1987లో మాంట్రియలు ఒడంబడిక వాని వాడుకకు హద్దులు పెట్టెను. మనదేశమున 2022 జూలై 1 నుండి నిషేధింపబడిన వస్తువుల పట్టికలో అలంకారములకు వాడు థర్మోకోలును చేరినది.

కాలక్రమమున క్రుళ్లి మన్నగు ప్లాస్టిక్కు కొత్తది కాదు. పాలీస్టైరీను నురుగు పుట్టకమునుపే అది పుట్టినది. 1780లో స్వీడనులో షీలే పులిసిన పాల నుండి ఒక ఆమ్లమును వేరుచేసెను. మన యింట పాలు తోడుకొని పెరుగగునప్పుడు పుట్టు పులుపు అదియే. లాక్టిక్ ఆమ్లమని దాని పేరు. 1845లో ఫ్రాన్సులో పెలూజు దానిని కాచి నీటిని పోగొట్టినప్పుడు అణువులొకదానినొకటి పట్టుకొని చిక్కని ముద్దగా మారుట చూచెను. నైలానును సృష్టించిన వాలెసు కరోథర్సు 1932లో తన అనుచరులతో కూడి ఆ ఆమ్లము నుండి గొలుసువంటి దీర్ఘాణువులను కట్టు మార్గమును ప్రకటించెను. కాని ఆ పదార్థము తడికిని వేడికిని తాళదు. తాళనిది ఎవరికి కావలెను? దానిని ప్రక్కన పెట్టిరి.

దానిని మరల చేతికి తీసికొన్నవారు శస్త్రవైద్యులు. గాయమును కుట్టిన దారము పని ముగిసిన పిదప తానే కరగిపోయిన ఎంత మేలు! అమెరికాలో 1966లో కులకర్ణి మొదలగు పరిశోధకులు పాలీలాక్టిక్ ఆమ్లమును శరీరమున అమర్చి పరీక్షించిన ఫలితములను ప్రకటించిరి. 1970వ దశకమున దాని దాయాదియగు పాలీగ్లైకాలిక్ ఆమ్లపు దారములు వైద్యశాలలకు వచ్చినవి. పెట్టెలకును పాత్రలకును తగినంత చవుకగా దానిని చేయుటకు మరి కొంతకాలము పట్టెను. 2002లో అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రమున బ్లెయిరు అను ఊర మొక్కజొన్న చక్కెరను పులియబెట్టి ఏడాదికి 1,40,000 టన్నుల పాలీలాక్టిక్ ఆమ్లమును చేయగల కర్మాగారము వెలసెను.

ఈలోగా ఇంకొక దారిన పోయినవారు కలరు. 1926లో పారిసులో మారిసు లెమ్వాన్యు ఒక జాతి సూక్ష్మజీవి తన దేహమున కొవ్వువలె దాచుకొను పదార్థమును కనుగొనెను. అదియును ఒక ప్లాస్టిక్కే; మట్టిలోను, సముద్రపు నీటను కూడ క్రమముగా జీర్ణించునది. ఇంగ్లండులోని ఐ.సి.ఐ. సంస్థ దానిని ‘బయోపోలు’ అను పేర అంగడికి తెచ్చెను. 1990లో జర్మనీలో తలంటు ద్రవపు సీసాలు దానితో చేయబడినవి. వెల హెచ్చగుటచే నిలువలేదు. నురుగు చేయువారికి అది మరియు మొండిది. కరగు వేడికిని, చెడిపోవు వేడికిని నడుమ ఎడము మిక్కిలి తక్కువ.

పిండి త్రోవ వేరు. పేలాలు వేచుట చూచినవారికి దీనిని వివరింపనక్కరలేదు. గింజలోని తేమ వేడికి ఆవిరియై, గట్టి పొట్టు లోపల చిక్కుకొని, పొట్టు పగిలిన క్షణమున పిండిని నురుగువలె పొంగించును. పొంగినది వెంటనే చల్లారి గట్టిపడును. ఈ తంత్రమునే యంత్రమునకు నేర్పిరి. లకూర్సు, ఆల్టియేరి అను ఇద్దరు 1989లో అమెరికాలో పేటెంటు పొందిన పద్ధతిలో, ఎమైలోసు అను భాగమెక్కువగా నున్న మొక్కజొన్న పిండిని కొద్ది నీటితో మరయంత్రమున త్రోయగా, అది వేడికిని ఒత్తిడికిని లోనై, ద్వారము దాటగానే పొంగి తెల్లని తునకలుగా రాలును. పెట్టెలలో నింపుటకు అవి బాగుగా పనికివచ్చినవి. ఒక తునకను నీట వేసిన కరగిపోవును. నీటికి కరగునది తేమకును మెత్తబడునని వేరుగ చెప్పనేల? మన కోస్తాలో శ్రావణమాసపు గాలి తగిలిన పేలాలను తలచుకొన్న చాలును. వానితో చేపలపెట్టెను చేయుట కుదరదు.

కనుక బలమును, తేలికదనమును, నీటికి తాళుటయు గల నురుగు కావలసినవారు తిరిగి పులిసిన పాల ఆమ్లము వద్దకే రావలసివచ్చెను. అక్కడ ఎదురైన చిక్కు వంటింటి విద్య తెలిసినవారికి సులువుగా బోధపడును. బెల్లము పాకము పట్టునపుడు లేతపాకమున బుడగ పుట్టును, వెంటనే పగులును. పాకము ముదిరి తీగ సాగునప్పుడు బుడగ పగులక నిలిచి నెమ్మదిగా ఉబ్బును. పాలీస్టైరీను కరగినప్పుడు తీగపాకము వంటిది. బుడగల గోడలు సాగి సాగి పలుచనగును గాని తెగవు. పాలీలాక్టిక్ ఆమ్లము కరగినచో లేతపాకమే. దాని అణువుల గొలుసులు నిడుపుగా, నునుపుగా, కొమ్మలు లేక యుండుటచే ఒకదానిపై నొకటి జారిపోవును. గోడ తెగును, రెండు బుడగలొకటగును, నురుగు కుప్పకూలును. పైగా కరగించునపుడు ఏ కొంచెము తడి యున్నను గొలుసులు తెగి పాకము మరింత పలుచనగును. అందుచే దానిని ముందుగా బాగుగా ఆరబెట్టవలెను. మన్నున కలియుటకు తోడ్పడు గుణము కర్మాగారమున శత్రువగుట విచిత్రము.

మొదటి ఉపాయము గొలుసులకు కొమ్మలు అతుకుట. గొలుసుల కొనలను పట్టుకొనగల చిన్న అణువులను కొద్దిగా చేర్చినచో పొడవైన కొమ్మల గొలుసులేర్పడి ఒకదానిలో నొకటి చిక్కుకొనును. పాకము తీగ సాగును. రెండవది గడ్డపలుకుల సాయము. కరగిన పదార్థములో సన్నని స్ఫటికములు అక్కడక్కడ పుట్టినచో గొలుసులకు అవి ముడులవలె నుండి గోడలను పట్టియుంచును. అవియే కొత్త బుడగలు పుట్టుటకు మొలకలును అగును. పాలీలాక్టిక్ ఆమ్లమున స్ఫటికములు పుట్టుట బహు మందము. ఆ మందకొడితనమును వదలించినది మనము విడుచు ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువు.

ఆ వాయువును గురించి బెల్ఫాస్టులో థామసు ఆండ్రూసు చేసిన పరిశోధనలు 1869లో ప్రకటింపబడినవి. 31 డిగ్రీల వేడికి పైన దానిని ఎంత నొక్కినను ద్రవము కాదనియు, ద్రవమునకును వాయువునకును నడుమ భేదమే మాసిపోవుననియు ఆయన తెలిపెను. వాయుమండలపు ఒత్తిడికి 73 రెట్లు మించి నొక్కిన ఆ స్థితిలో అది ద్రవమువలె చిక్కన, వాయువువలె చొరవ గలది. ప్లాస్టిక్కులోనికి చొచ్చి, గొలుసుల నడుమ నిలిచి, వానిని వదులు చేయును. వదులైన గొలుసులు తేలికగా కదలి స్ఫటికములుగా అమరును. అప్పుడు ఒత్తిడిని తటాలున తీసివేసినచో లోపలి వాయువు కోట్లకొలది బుడగలై లేచును. సోడాసీసా మూత తీసినపుడు జరుగునదే యిది. సోడాలో బుడగలు పైకి పోయి పగులును. ఇక్కడ చల్లబడి అక్కడనే నిలువవలెను.

బుడగ ఎంత చిన్నదైన అంత మేలని చూపినవారిలో మసాచుసెట్సు సాంకేతిక సంస్థకు చెందిన నామ్ సూ ముఖ్యుడు. ఆయనయు శిష్యులును 1980వ దశకారంభమున చేసిన తర్కము మాకు ముచ్చట గొల్పును. ఏ ప్లాస్టిక్కులోనైనను కంటికానని చిన్న లోపములు సహజముగా నుండును. పగులు వానియొద్దనే ఆరంభించును. మనము పుట్టించు బుడగలు ఆ లోపముల కంటె చిన్నవైనచో బలము తగ్గుటకు కారణము లేదు. ఇట్టి నురుగులలో బుడగ వ్యాసము మిల్లీమీటరులో నూరవ వంతు. ఘన సెంటీమీటరునకు 10 కోట్లకు పైగా బుడగలుండును. హుక్కు లెక్కించిన కార్కు గదులను ఇదే కొలతకు మార్చిన 7 కోట్ల 70 లక్షలకు దగ్గరగా వచ్చును. మూడు శతాబ్దములు గడచి యంత్రములన్నియు సమకూర్చుకొని మనుష్యుడు చేరిన సంఖ్య చెట్టుబెరడు సంఖ్యకు ఇంత చేరువ!

కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయమున చుల్ పార్కు బృందము ఈ విద్యను పాలీలాక్టిక్ ఆమ్లమునకు అన్వయించుటలో చాలకాలము శ్రమించెను. గుళికలను ఒకదానితో నొకటి అతుకుటలో వారు చూపిన నేర్పు ప్రత్యేకముగా చెప్పదగినది. అచ్చులో గుళికలు నింపి ఆవిరిని పంపినచో పైపొర కరగి అతుక్కొనవలెను, లోపలి బుడగలు మాత్రము కూలరాదు. అందుకు గుళికలలో రెండు విధముల స్ఫటికములను పుట్టించిరి. తక్కువ వేడికి కరగునవి అతుకుబంకగను, ఎక్కువ వేడికి గాని కరగనివి మూలస్తంభములుగను పనిచేసినవి. న్యూజీలండులోను, నెదర్లాండ్సులోను పాలీలాక్టిక్ ఆమ్లపు గుళికల నురుగును పెట్టెలకు తగినట్లు తయారుచేసిరి. జపానులో ఇకాడా మొదలగువారు 1987లో ప్రకటించిన సంగతియు ఇక్కడ జ్ఞప్తికి తెచ్చుకొనదగినది. లాక్టిక్ ఆమ్లమునకు కుడిచేయి ఎడమచేయి వలె రెండు రూపములు కలవు. రెండింటి గొలుసులను జతచేసినచో, ఒంటి రూపము కంటె సుమారు 50 డిగ్రీలు అధికమైన వేడికి, అనగా 230 డిగ్రీల దగ్గర గాని, ఆ జంట స్ఫటికములు కరగవు. సాధారణమైన పాలీలాక్టిక్ ఆమ్లపు లోట 60 డిగ్రీల దగ్గరనే మెత్తబడి కాఫీ పోసినచో వంగును. స్ఫటికములు నిండినది నిలుచును.

ఇంతవరకు వచ్చిన పిదప ఒక ధర్మసంకటము ఎదురగును. దీనిని అంగడివారు సాధారణముగా చెప్పరు. స్ఫటికములు బలమిచ్చును, బిగువుగా అమరిన ఆ గొలుసుల నడుమకు నీరు సులభముగా చొరదు. నీరు చొరనిదే గొలుసులు తెగవు. తెగనిదే సూక్ష్మజీవులు తినలేవు. కాబట్టి నురుగును ఎంత బలపరచిన అది మన్నగుట అంత ఆలస్యమగును. మామూలు పాలీలాక్టిక్ ఆమ్లమునకే సుమారు 60 డిగ్రీల వేడియు తడియు కావలెను. కర్మాగారపు ఎరువుగుంటలలో ఆ వేడి సహజముగా పుట్టును. పెరటి గుంటలో అంత వేడి నిలువదు. సముద్రమున నైతే ఏండ్ల తరబడి అట్లే యుండును. “మన్నున కలియును” అని పెట్టెపై అచ్చొత్తిన మాట సత్యమే గాని, ఏ మన్నున, ఎంత వేడిలో, ఎన్నాళ్లకు అని అడుగువరకు అది అర్ధసత్యమే.

అట్లు అడుగుటకే ప్రమాణములేర్పడినవి. అంతర్జాతీయ ప్రమాణము 17088 ప్రకారము, 58 డిగ్రీల వేడి గల ఎరువులో 180 దినములలోపల వస్తువులోని కర్బనమున నూటికి 90 పాళ్లు బొగ్గుపులుసు వాయువుగా మారవలెను. మనదేశమున 2016 నాటి ప్లాస్టిక్ వ్యర్థముల నిబంధనలు ఎరువు కాగల ప్లాస్టిక్కులకు ఈ ప్రమాణమునే విధించినవి. తయారుచేయువారు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి యొద్ద ధ్రువపత్రము పొందవలెను, వస్తువుపై ఆ గుర్తు వేయవలెను. గుర్తు అవసరమే. ఏలయన పాలీస్టైరీను బెండును, పాలీలాక్టిక్ ఆమ్లపు బెండును ప్రక్కప్రక్కన నుంచిన చూపునకు రెండును తెల్లనివే, చేతికి రెండును తేలికయే. చెత్త ఏరు మనుష్యుడు వానిని వేరుచేయుటకు ఆ చిన్న అచ్చుముద్ర తప్ప మరియొక ఆధారము లేదు.